అరవై రెండో బిళ్ల

ఎల్బె నదిలోకి వచ్చాక ఓడ కదులుతున్నట్టు తెలియడం లేదు. సముద్రంలో ఉన్నన్నాళ్లూ గిరిజ టీ కప్పుని రెండు చేతులతో పట్టుకుంది. ఇప్పుడు రెయిలింగ్ పక్కన బల్ల మీద పెట్టి వదిలేసింది, కప్పు అక్కడే ఉంది. ఎడమ ఒడ్డున ఇళ్లు, ఇళ్ల ముందు గడ్డి, గడ్డి కోస్తున్న మనిషి, అతని వెనక కుక్క. వేడెల్ దగ్గర ఒడ్డు మీది లౌడ్‌స్పీకర్ ఓడకు స్వాగతం చెప్పింది. జెండా దించి మళ్లీ ఎత్తారు, పై డెక్ మీద కూర్చున్న జర్మన్ పెద్దవాళ్లు లేచి చేతులూపారు. అక్కడి నుంచి హాంబర్గ్ రేవుకు గంట ప్రయాణమని పొద్దున టిఫిన్ల దగ్గర ఫ్రౌ యాన్సెన్ చెప్పింది. ఈ యాత్రను నడిపేది ఆమె. ఎక్కడ దిగాలో, ఎవరు ఏ పడవ ఎక్కాలో, ఎప్పుడు వెనక్కి రావాలో అన్నీ ఆమె మాట ప్రకారమే. ఆమె దగ్గర ఒక రిపోర్టు ఉంది. రేవులో కంపెనీ వాళ్లు ఓడెక్కగానే వాళ్ల చేతికి ఇస్తుంది. అందులో తప్పు చేసినట్టు ఓడ పనివాడు రోడెల్ పేరు ఉంది. ఉండాల్సిన పేరు అది కాదు. ఆ సంగతి ఓడలో ఇద్దరికే తెలుసు. ఒకరు గిరిజ. రెండో మనిషి భాస్కరరావు, ఆమె భర్త, కింద క్యాబిన్లో సూట్‌కేసులు సర్దుతున్నాడు.

ఈ గంటలో ఆయన చెప్పాలి. ఆయన చెప్పకపోతే తను చెప్పాలి. ఈ మాట మొన్న రాత్రి అనుకుంది, నిన్న అనుకుంది, పొద్దున పళ్లు తోముకుంటూ అనుకుంది. వాక్యం కూడా సిద్ధం చేసుకుంది, జర్మన్‌లో, మైన్ మాన్ హాట్ అని మొదలయ్యే వాక్యం, నా భర్త అని మొదలుపెట్టి చేసిన పని చెప్పి ఆపే వాక్యం. ఇరవై ఆరేళ్లుగా మ్యూనిక్‌లో ఉంటున్నా అలాంటి వాక్యం తన నోటి నుంచి ఏ ఆఫీసులోనూ రాలేదు. ఆఫీసుల్లో ఆయనే మాట్లాడతాడు. వచ్చిన కొత్తలో అన్‌మెల్డుంగ్‌కి, ఇంటి చిరునామా నమోదుకు, వెళ్లినప్పుడు కౌంటర్లో ఆవిడ తన పేరు అడిగితే ఆయన చెప్పాడు. పుట్టిన తేదీ అడిగితే అదీ ఆయనే చెప్పాడు. ఆవిడ గిరిజ వైపు చూసింది, గిరిజ తలూపింది. అప్పుడు అది సుఖంగానే ఉంది. డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీసుకునేది ఆయన, యు-బాను రైల్లో ఇద్దరి టికెట్టూ ఆయన ఫోన్లో, దుకాణంలో బిల్లు ఆయన చేతిలో. నొప్పి ఎక్కడుందని డాక్టరు అడిగితే ఎడమ భుజమండీ అని ఆయనే అనేవాడు. సరిగ్గానే అనేవాడు. తన భుజం తనకంటే ముందు ఆయనకే జ్ఞాపకం వచ్చేది. ఆయన్ని తప్పుపట్టడానికి ఏముంది అందులో. తనూ ఇన్నేళ్లు చేతులు ఖాళీగా పెట్టుకుని హాయిగా నడిచింది కదా.

గాలిలో గడ్డి వాసన. ఎన్నాళ్లయింది గడ్డి వాసన తగిలి. ఐస్‌లాండ్ చుట్టూ తిరిగినన్నాళ్లూ తగిలింది గంధకం వాసన, చేపల వాసన, రబ్బరు పడవల్లో పెట్రోలు వాసన. ఆయనకు అరవై నిండాయి. హాలు మాట్లాడి భోజనాలు పెడదామంటే వద్దన్నాడు. ఫ్రైబర్గ్‌లో గనుల చదువు చదువుతున్న కూతురు రుచిత ఈ ఓడ సంగతి చెప్పింది. చిన్న ఓడ, పెద్ద ఓడలు వెళ్లలేని చోట ఆగుతుంది, రబ్బరు పడవల్లో ఒడ్డుకు దింపుతారు, అగ్నిపర్వతాలు చూపిస్తారు. మ్యూనిక్‌లో వాళ్ల పక్క వీధిలో ఉండే వెంకటరామారావు గారు విని, మనకున్న చలి చాలక చలి కోసం ఓడెక్కుతారా భాస్కర్ అన్నారు. మీకు తెలీదులెండి, అక్కడ నేల లోపల వేడి అన్నాడు ఈయన. ఓడెక్కిన రోజే అందరికీ ఎర్ర జాకెట్లు ఇచ్చారు, ఒకే రంగు, ఒకే కుట్టు. ఆ సాయంత్రమే అందర్నీ మెట్ల దగ్గరికి తీసుకెళ్లి బోర్డు చూపించారు. బోర్డు నిండా మేకులు, మేకుకో బిళ్ల, బిళ్ల మీద అంకె. ఒక వైపు ఎరుపు, ఇంకో వైపు ఆకుపచ్చ. ఒడ్డుకు దిగేటప్పుడు ఎరుపు వైపుకు తిప్పాలి, వెనక్కి వచ్చాక ఆకుపచ్చ వైపుకు తిప్పాలి. ఎవరిది వాళ్లే. ఒక్క ఎరుపు ఉన్నా ఓడ లంగరు ఎత్తదు. ఫ్రౌ యాన్సెన్ ఇది జర్మన్‌లో చెప్పి మళ్లీ ఇంగ్లీషులో చెప్పింది. ఆయన బిళ్ల అరవై ఒకటి, తనది అరవై రెండు.

గిరిజకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బోర్డు చూడగానే ఇల్లెందులో బొగ్గు బాయి గేటు పక్కన ల్యాంపు రూము కిటికీ కళ్ల ముందుకొచ్చింది. వాళ్ల నాన్న పుల్లయ్య ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకునేవాడు, పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకునేవాడు. బిళ్ల మేకుకు ఉంటే మనిషి బొగ్గు బాయిలో ఉన్నట్టు. మేకు ఖాళీ అయితే మనిషి ఇంటికి పోయినట్టు. సెలవు రోజుల్లో ఆ బిళ్లతో తను ఆడుకునేది, నేల మీద గుండ్రంగా తిప్పేది. అమ్మ బాలామణి కేకలేసేది. నాన్న మాత్రం ఆడుకోనిచ్చి చివర్లో చేతిలోంచి తీసుకుని తుడిచి జేబులో వేసుకునేవాడు. ఎవల బిళ్ల వాళ్లదే బిడ్డా, పక్కోని బిళ్ల ముట్టద్దు అనేవాడు. ఒక రోజు షిఫ్టు దిగే వేళ దాటినా ఆయన ఇంటికి రాలేదు. అమ్మ తనను వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లింది. ఎవరో ఇద్దరు, పుల్లయ్య ఎప్పుడో పైకెక్కిండు, చాయ బండి కాడ చూసినం అన్నారు. అమ్మ వెనక్కి తిరిగింది. కిటికీలోంచి ల్యాంపు రూము గుమస్తా పిలిచాడు. బిళ్ల ఈడనే ఉందమ్మా, ఆయన ఎక్కలే అన్నాడు. అంతే, మనుషులు మళ్లీ దిగారు. కాలి మీద దుంగ పడి ఉన్న నాన్నను దీపాలు పెట్టే వేళకు పైకి తెచ్చారు. చాయ బండి దగ్గర చూశామన్నవాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లు చూసింది ఇంకొకర్ని. బొగ్గు మసిలో అందరూ ఒకేలా ఉంటారు.

ఎర్ర జాకెట్లలోనూ.

నది ఒంపు తిరిగింది. కొండ మీద మెట్లు మెట్లుగా ఇళ్లు, కింద ఇసుక, ఇసుకలో పిల్లలు. ఇసుక ఇక్కడ ఇసుక రంగులోనే ఉంది. ఐస్‌లాండ్‌లో నల్లగా ఉంది. ఉత్తరపు కొనలో, మనుషులు ఎప్పుడో వదిలేసి పోయిన ఊరు, ఇంటి గోడలు మోకాలి ఎత్తున మిగిలాయి, వాటి ముందు నుంచి నీళ్ల దాకా నల్ల ఇసుక. అగ్నిపర్వతం కక్కింది చల్లారి నుగ్గయిందని గైడు చెప్పాడు. భాస్కరరావుకు మోకాలు పట్టేసింది. మీరు ముందు పడవలో వెళ్లండి, నేను తర్వాత దాంట్లో వస్తా అంది. ఆయన వెళ్లాడు. తను గోడ వెనక గాలి తగలని చోట కూర్చుంది. గుప్పెడు ఇసుక తీసుకుని రెండు చేతుల మధ్య నలిపింది, చేతులు విప్పి చూసింది. నలుపు అంటలేదు. మళ్లీ నలిపింది. ఇంత నల్లటిది చేతికి అంటకపోవడం ఏమిటి. నాన్న చేతుల నలుపు సబ్బుకు పోయేది కాదు, గీతల్లో ఉండిపోయేది, పెళ్లి పీటల మీద అల్లుడి కాళ్లు కడుగుతున్నప్పుడు కూడా గీతల్లో ఉంది. అలా ఎంతసేపు కూర్చుందో తెలియదు. పొగమంచు దిగింది. లేచి చూస్తే ఒడ్డు మీద పడవ లేదు, లైఫ్ జాకెట్లు వేసే సంచీ లేదు. అందరూ దిగగానే లైఫ్ జాకెట్ విప్పి సంచీలో వేస్తారు, మళ్లీ ఎక్కేటప్పుడు తీసుకుంటారు. తను చలికి విప్పలేదు. అందుకే సంచీలో ఏదీ మిగల్లేదు, గైడుకు అనుమానం రాలేదు. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు తెలిసింది ఒక్కటే, పడవ వెళ్లిపోయిందని. మంచులో ఓడ ఆకారం కనిపిస్తోంది.

అప్పుడు భయం వేయలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు గానీ నిజం. మొదట భయం వేయలేదు. అక్కడ బోర్డు మీద అరవై రెండు ఎర్రగా ఉంటుంది అనుకుంది. ఎవరో చూస్తారు, గిరిజ పైకి రాలే అంటారు, పడవ తిరిగి వస్తుంది. తను నీళ్ల అంచుకు నడిచి నిలబడింది, బస్టాపులో నిలబడ్డట్టు. ఒక పక్షి వచ్చి చూసి పోయింది. ఒంటరిగా నిలబడి చాలా ఏళ్లయిందని కూడా అనుకుంది, బాగానే ఉంది అనుకుంది. తర్వాత గొలుసు శబ్దం వినిపించింది. లంగరు ఎత్తుతున్న శబ్దం. రోజూ పొద్దున క్యాబిన్లో పడుకుని వినే శబ్దమే, కానీ బయటి నుంచి విన్నది అదే మొదటిసారి. అప్పుడు వేసింది భయం. ఒక్క ఎరుపు ఉన్నా ఎత్తరు కదా. ఎత్తుతున్నారంటే అరవై రెండు ఎర్రగా లేదు. తను ఇక్కడుంది, బిళ్లేమో తను ఓడలో ఉందంటోంది. అరిచింది. గాలి ఎదురు. లైఫ్ జాకెట్‌కు ఒక ఈల కట్టి ఉంటుంది, అది జ్ఞాపకం వచ్చి ఊదింది. వేళ్లు మొద్దుబారాయి. ఓడ ముక్కు మెల్లగా అటు తిరగడం చూసింది.

కాపాడింది టీ. ఆయన ఓడెక్కగానే క్యాబిన్లో కెటిల్ పెట్టాడు, మ్యూనిక్ నుంచి తెచ్చుకున్న టీ పొడి వేసి రెండు కప్పులు కలిపాడు, చల్లారకుండా గిరిజ కప్పు మీద మూత పెట్టాడు. తను రాలేదు. లైబ్రరీలో ఉందేమోనని కప్పు పట్టుకుని వెళ్లాడు, పైడెక్ మీదికి వెళ్లాడు, భోజనాల గదిలో చూశాడు. చివరికి కప్పుతోనే బ్రిడ్జి మీదికి, కెప్టెన్ దగ్గరికి వెళ్లాడు. లోపలికి రాకూడదన్నా ఆగలేదట. లంగరు మళ్లీ దిగింది. పడవ వచ్చింది. పడవలో ఫ్రౌ యాన్సెన్ వచ్చింది, రోడెల్ వచ్చాడు. రోడెల్ గిరిజను ఎత్తి కూర్చోబెట్టి తన గ్లౌజులు విప్పి ఆమెకు తొడిగాడు. ఓడ మెట్ల పైన భాస్కరరావు నిలబడి ఉన్నాడు, చేతిలో ఇంకా ఆ కప్పు. ముఖం చూస్తే ఆయన్నే ఎక్కడి నుంచో పైకి తెచ్చినట్టుంది. క్యాబిన్లో దుప్పట్లు కప్పుతూ ఒకే మాట అన్నాడు.

"వెనక పడవలో చూశానే నిన్ను. వస్తున్నావనుకున్నా."

ఆ మాటతో గిరిజకు అంతా తెలిసింది. వెనక పడవలో ఎర్ర జాకెట్ వేసుకున్న ఎవరో ఆడమనిషి వీపు చూశాడు. తన అరవై ఒకటి తిప్పాడు, చెయ్యి అలాగే పక్కకు పోయింది, అరవై రెండూ తిప్పాడు. ఎలివేటరులో తన కోసం బటన్ నొక్కినట్టు, తన చెప్పులు లోపల పెట్టినట్టు. భార్యను మరిచిపోయి వదిలేసిన మొగుడైతే తిట్టడం తేలిక. ఈయన మరవలేదు. మరవకపోవడం వల్లే వదిలేశాడు. దుప్పటి కింద ఒణుకుతూ ఆ మాట అనుకుంటే నవ్వొచ్చింది. ఆయన చూసి ఏడుపనుకున్నాడు, ఇంకో దుప్పటి తెచ్చాడు.

అక్కడితో అయిపోయుంటే బాగుండేది. కెప్టెన్ అడిగాడు, ఈ బిళ్ల ఎవరు తిప్పారు అని. మెట్ల దగ్గర నిలబడి ఎవరిది వాళ్లు తిప్పుతున్నారో లేదో చూడటం రోడెల్ పని. ఫిలిప్పీన్స్ మనిషి, నడి వయసు దాటాడు, ఓడల్లోనే జీవితమంతా. ఆ సమయానికి తను ఒక పెద్దావిడను మెట్ల మీద పట్టుకుని ఎక్కిస్తున్నానని, చూడలేదని, రద్దీలో తన చెయ్యే తగిలి తిరిగి ఉండొచ్చని, తప్పు తనదేనని చెప్పాడు. ఫ్రౌ యాన్సెన్ రాసుకుంది. హాంబర్గ్‌లో అతని కాంట్రాక్టు మళ్లీ రాయాలి. రాస్తారో లేదో ఇక తెలియదని వంటవాళ్లు అనుకుంటుంటే గిరిజ విన్నది. భాస్కరరావు అక్కడే ఉన్నాడు కెప్టెన్ అడిగినప్పుడు. చెప్పలేదు. ఆ రాత్రీ చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. రోడెల్ మాత్రం ఎదురుపడ్డ ప్రతిసారీ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని సారీ మేడమ్ అన్నాడు. ఆ సారీ వచ్చినప్పుడల్లా ఆయన ప్లేటులోకి చూశాడు. కార్ల కంపెనీలో క్వాలిటీ విభాగం ఆయనది. ఎవరి సంతకం వాళ్లే పెట్టాలి, చూడందే పెట్టకూడదు అని కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెప్పి ఇంటికొచ్చి అదే పాఠం భోజనం దగ్గర తనకూ చెప్పేవాడు.

అడగొచ్చు కదా ఆయన్ని. మీరే కదా తిప్పింది, వెళ్లి చెప్పండి అనొచ్చు. సముద్రం మీద ఉన్నన్నాళ్లూ ఆ మాట నాలుక చివర ఉంది. అనలేదు. అంటే వెళ్తాడని తెలుసు. కానీ అప్పుడు ఆ చెప్పడం కూడా ఇద్దరిదీ అవుతుంది. ఆయన బిళ్ల తను తిప్పినట్టవుతుంది. ఇంట్లో తను ఎన్ని తిప్పలేదు, అత్తగారి పుట్టినరోజుకు ఆయన పేరున ఫోన్ చేసింది తనే, వెంకటరామారావు గారితో మాట పట్టింపు వచ్చినప్పుడు ఆయన తరఫున వెళ్లి నవ్వింది తనే. ఈ ఒక్కటీ ఆయనే తిప్పుకోవాలి. రుచిత మొదటిసారి ఫ్రైబర్గ్‌లో గనిలోకి దిగిన రోజు ఫోన్ చేసి, అక్కడా బిళ్ల ఇస్తారు మమా, మార్కె అంటారు అంది. నీది నువ్వే తీసుకున్నావా అనడిగింది గిరిజ. యా మమా, నతూర్లిష్, నేనే మరి అని విసుక్కుంది పిల్ల. ఆ పిల్ల ఇప్పుడు రేవులో నిలబడి ఉంటుంది. దానికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఏం చెప్పాలో కింద సూట్‌కేసు సర్దుతున్న మనిషి మీద ఆధారపడి ఉంది.

కుడి ఒడ్డున విమానాలు తయారుచేసే షెడ్లు దాటాయి. ఎడమన చేపల బజారు, దాని వెనక చర్చి గోపురం, దూరంగా క్రేన్లు. గంటలో ఎక్కువ భాగం అయిపోయింది. మైన్ మాన్ హాట్. గిరిజ టీ కప్పు తీసుకుంది, అడుగున మిగిలింది తాగింది, చల్లగా ఉంది. ఫ్రౌ యాన్సెన్ ఆఫీసు ఒక అంతస్తు కింద, మెట్లు దిగితే ఎడమ చేతి తలుపు. దిగాలి. ఇన్నేళ్ల తర్వాత ఒక ఆఫీసులో నోరు తెరవబోతోంది, అదీ ఆయన మీద చెప్పడానికి. కాళ్లు కదిలాయి. రెండు అడుగులు వేసిందో లేదో తలుపు తెరుచుకుని ఆయన వచ్చాడు. సూట్‌కేసులు లేవు. జాకెట్ గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు.

"చెప్పేసి వచ్చా," అన్నాడు.

గిరిజ పక్కకు వచ్చి రెయిలింగ్ పట్టుకున్నాడు. ఇద్దరూ ఒడ్డు చూశారు. ఎదురుగా వస్తున్న ఫెర్రీ వీళ్లకు హారన్ కొట్టింది.

"ఫ్రౌ యాన్సెన్‌తో నేనే తిప్పాను అన్నా. ఆవిడ, ఏది, మీదా అంది. నాదీ, మా ఆవిడదీ అన్నా. నువ్వెక్కడున్నావో చూడకుండానే తిప్పానని చెప్పా." ఆగి మళ్లీ అన్నాడు. "మీరేం ఉద్యోగం చేస్తారంది. క్వాలిటీ అన్నా. పెన్ను పక్కన పెట్టి నవ్వింది గిరిజా. నవ్వి, పాత కాగితం చింపి కొత్తది రాసింది. సంతకం పెట్టించుకుంది."

"రోడెల్?"

"పిలిపించింది. నిలబడి విన్నాడు. అయిపోయాక కుర్చీలో కూచున్నాడు. చాలాసేపు కూచున్నాడు."

గిరిజ ఊపిరి వదిలింది. ఎప్పటి నుంచి పట్టి ఉంచిందో తెలియదు, ఆ నల్ల ఒడ్డు నుంచే కావచ్చు. భుజాలు కిందికి దిగాయి. ఎడమ భుజం నొప్పి లేదు. జర్మన్ వాక్యం నోట్లోంచి పోయింది, మిగతా సగం ఏమిటో వెతికినా దొరకలేదు. ముందే ఎందుకు చెప్పలేదని అడగాలనిపించలేదు, ఆయనే చెప్పాడు. నువ్వు కనపడని ఆ కాసేపూ నా చెయ్యి వంక చూసుకుంటూ తిరిగానే, తర్వాత ఆ చెయ్యి నాదేనని చెప్పడానికి నోరు రాలేదు అన్నాడు. నీకు తెలుసా అనడిగాడు. మొదటి రోజే తెలుసండీ అంది. మరి అనలేదేం అన్నాడు. గిరిజ ఆయన జాకెట్ గుండీల వైపు చూసింది. సరిచేయడానికి చెయ్యి లేచింది. ఎత్తిన చేతిని రెయిలింగ్ మీద పెట్టింది.

"గుండీలు తప్పు పెట్టుకున్నారు," అంది.

ఆయన చూసుకుని విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. రేవు కనిపించింది. తాళ్లు విసిరారు. ఒడ్డున జనంలో రుచిత రెండు చేతులూ ఊపుతోంది, ఏదో అరుస్తోంది, ఇంజను శబ్దంలో వినపడటం లేదు. రైలు టికెట్లు నా ఫోన్లో ఉన్నాయి అన్నాడు ఆయన అలవాటుగా. నాది నాకు పంపండి అంది గిరిజ. ఆయన ఆమె వైపు చూశాడు. ఫోన్ తీసి, కళ్లద్దాలు పైకి జరిపి, పంపాడు. గిరిజ జేబులో ఫోన్ మోగింది.

మెట్ల దగ్గర వరుస. దిగేవాళ్లు ఆఖరిసారి బిళ్లలు తిప్పి వెళ్తున్నారు. బోర్డు పక్కన రోడెల్, ఎప్పటిలాగే. ఛాతీ మీద చెయ్యి పెట్టుకోలేదు. మేడమ్ అన్నాడు, అంతే, తల వంచాడు. గ్లౌజులు తిరిగిచ్చేసింది గిరిజ. భాస్కరరావు ముందుకు వెళ్లి అరవై ఒకటిని ఎరుపుకు తిప్పాడు. చెయ్యి పక్కకు కదిలింది. రోడెల్ ఆ చేతిని చూస్తున్నాడు. చెయ్యి ఆగింది, కిందికి దిగింది, జేబులోకి పోయింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి చోటిచ్చాడు.

గిరిజ బోర్డు దగ్గరికి వచ్చింది. వెనక ఎవరో దగ్గారు, వరుస ఆగింది. తను తొందరపడలేదు. బిళ్లను వేళ్లతో పట్టుకుని తిప్పింది. అరవై రెండు ఎర్రగా ఉంది. మనిషి ఓడలో లేదని చెబుతోంది. గిరిజ మెట్లు దిగి ఒడ్డు మీద కాలు పెట్టి, అప్పుడు వెనక్కి తిరిగి, ఆయన కోసం ఆగింది.